28 పెద్దదా, 72 పెద్దదా?

మా బావది ఒకటే గోల. వర్జీనియా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు మీద ఆడే రోజున అవతలి జట్టులో ఎవడో ఒకడికి పూనకం వస్తుందట. అంతకు ముందు వారం నాలుగు పాయింట్లు కొట్టడానికి నానా తంటాలు పడ్డవాడు కూడా మన మీదకి వచ్చేసరికి పాతిక కొట్టి చక్కా పోతాడట. "టీవీ వాళ్ళేమో మన డిఫెన్స్ అంత గొప్ప, ఇంత గొప్ప అంటారు. కెరీర్ హైలన్నీ మన ఖాతాలోనే పడుతుంటాయి. ఇదేం డిఫెన్సురా బాబూ!" అంటాడు. కెరీర్ హై అంటే ఒక ఆటగాడు తన ఆటలో ఒక మ్యాచిలో కొట్టిన అత్యధిక స్కోరు.

ఆయన రిచ్‌మండ్‌లో ఉంటాడు, నేను ఆష్‌బర్న్‌లో. రెండిళ్ళ పిల్లలూ ఆ యూనివర్సిటీ ఉన్న షార్లట్స్‌విల్‌లోనే చదివారు. ఉత్తర వర్జీనియా తెలుగిళ్ళలో ఇది మామూలే. సీటు వచ్చేదాకా ఎస్ఏటీ మార్కుల గొడవ, వచ్చాక నారింజ, నీలం రంగు స్వెట్‌షర్టులు. పిల్లలు చదువులు ముగించుకుని ఉద్యోగాలకి పోయారు, ఈ పిచ్చి మాత్రం పెద్దవాళ్ళకి అంటించి పోయారు. కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంటు జరిగే మార్చి నెల వస్తే మా ఇంట్లో వేరే మాట ఉండదు.

బావ మాటని తేలిగ్గా కొట్టిపారేయలేను. ఆయన దగ్గర సాక్ష్యాలున్నాయి. 2018లో యూఎంబీసీ అనే కాలేజీ ఆటగాడు జైరస్ లైల్స్ మన మీద 28 పాయింట్లు. 2019లో పర్డ్యూ ఆటగాడు కార్సన్ ఎడ్వర్డ్స్ 42. అదే ఏడు ఫిబ్రవరిలో డ్యూక్ జట్టు మన గడ్డ మీద 21 త్రీలు (దూరపు గీత అవతల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే 13 పడటం. మూడూ నిజంగా జరిగినవే, మూడూ నేను కూడా గుండెలు బాదుకుంటూ చూసినవే. నా పేచీ అల్లా వాటి నుంచి ఆయన తేల్చే దాని మీద.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. ఉత్త పాయింట్లు చూస్తే ఈ ఫిర్యాదుకి అర్థమే లేదు. టోనీ బెనెట్ 2009లో వర్జీనియాకి కోచ్‌గా వచ్చాక ఏళ్ళ తరబడి దేశంలో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్లలో ఈ జట్టు ఉంటూ వచ్చింది. కానీ ఆ అంకెలో సగం గొప్పతనం డిఫెన్స్‌ది కానే కాదు, నిదానానిది. బంతి ఒక జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి షాటు పడో, బంతి పోయో అవతలి వాళ్ళ చేతికి వెళ్ళేదాకా ఒక పొసెషన్. బెనెట్ జట్టు మ్యాచిలో ఒక్కో వైపుకీ పట్టుమని 60 పొసెషన్లు వచ్చేవి. మామూలు జట్ల మ్యాచిల్లో 70కి కాస్త అటూ ఇటూ ఉంటాయి. వండిందే తక్కువైతే తిన్నదీ తక్కువే ఉంటుంది, అందులో వడ్డించేవాడి పొదుపు ఏముంది?

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నవాళ్ళని చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో లొయోలా మేరీమౌంట్ అని చిన్న కాలేజీ ఉంది. 1980ల చివర్లో పాల్ వెస్ట్‌హెడ్ అనే కోచ్ వాళ్ళ చేత పరుగో పరుగు ఆడించాడు. బంతి చేతికి అందిన కొన్ని సెకన్లలోనే షాటు పడాలి. అవతలి వాళ్ళు రెండు పాయింట్లు కొట్టినా సరే, మళ్ళీ పరుగే. 1989-90లో ఆ జట్టు మ్యాచికి సగటున 122.4 పాయింట్లు కొట్టింది, తాను ఇచ్చింది కూడా వందకి పైనే. వెస్ట్‌హెడ్ డెన్వర్‌కి వెళ్ళిపోయాక కూడా ఆ జోరు తగ్గలేదు. 1991 జనవరి 5న శాన్ డియాగోకి చెందిన యూఎస్ ఇంటర్నేషనల్ మీద 186-140తో గెలిచారు. ఓడిన జట్టు తరఫున కెవిన్ బ్రాడ్‌షా ఒక్కడే 72 పాయింట్లు కొట్టాడు. పై స్థాయి (డివిజన్ 1) కాలేజీ జట్టు మీద ఒక మ్యాచిలో కొట్టిన అత్యధిక స్కోరుగా, అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా పీట్ మరావిచ్ పేరు మీద ఉన్న 69 పాయింట్ల రికార్డు ఆ దెబ్బతో పోయింది.

72! ఇంకేం, డిఫెన్స్ అంటే ఏమిటో తెలియని జట్టు అనేస్తాం. కానీ స్కోరు షీటు తెరిచి చూడండి. బ్రాడ్‌షా వేసిన షాట్లు 59. పడినవి 23. అంటే 36 సార్లు గురి తప్పాడు. పైన ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే దక్కే ఒక్కో పాయింటు షాట్లు) 23 వేసి 19 కొట్టాడు. రెండు ఫ్రీ త్రోలని సుమారుగా ఒక షాటు కింద కట్టుకుంటే, ఒక్కో ప్రయత్నానికి అతనికి దక్కింది ఒక పాయింటు, ఆపైన చిల్లర. బాస్కెట్‌బాల్‌లో అది ఓ మాదిరి ఆటగాడి రోజువారీ కూలి.

ఇప్పుడు లైల్స్‌ని చూడండి. వర్జీనియా మీద 28 పాయింట్లు, వేసిన షాట్లు 11, పడినవి 9. అందులో త్రీలు 4 వేస్తే 3. ఫ్రీ త్రోలు 9కి 7. అదే లెక్కలో ఒక్కో ప్రయత్నానికి 1.8 పాయింట్లు. బ్రాడ్‌షా 72 కంటే లైల్స్ 28 చాలా పెద్ద దెబ్బ. ఈ ముక్క చెబితే బావ ఎగిరి గంతేశాడు. "చూశావా, నువ్వే ఒప్పుకున్నావు!" అని. ఆగు బావా, ఒప్పుకున్నది ఒక రాత్రి గురించి. నువ్వు చెబుతున్నది అలవాటు గురించి.

అలవాటు అని అనాలంటే ఎన్నిసార్లు జరిగితే అనాలి? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఒక కాలేజీ జట్టు ఏడాదికి సుమారు 30 మ్యాచిలు ఆడుతుంది. ప్రతి జట్టులోనూ చెప్పుకోదగ్గంత సేపు ఆడేవాళ్ళు ఎనిమిది మంది ఉంటారు. ఆ ఎనిమిది మందిలో ప్రతివాడికీ ఆ ఏటి అత్యధిక స్కోరు ఏదో ఒక మ్యాచిలో వచ్చే తీరాలి, అది ఎవరో ఒకరి నెత్తిన పడే తీరాలి. అంటే ఏ మ్యాచి తీసుకున్నా ఒక్కో ఆటగాడికి అది ఆ ఏటి మేటి రోజు అయ్యే అవకాశం ముప్పైలో ఒకటి. ఎనిమిది మందికి ముప్పైలో ఎనిమిది. ముప్పై మ్యాచిలకి కలిపితే ఎనిమిది. కాబట్టి డిఫెన్స్ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, అచ్చంగా నడిమి రకం అనుకున్నా సరే, ప్రతి ఏటా ఓ ఎనిమిది మంది తమ మేటి రోజుని మన మీదే చూపించి వెళ్తారు. అదృష్టం అటూ ఇటూ తూగితే ఒక ఏడు అయిదుగురు, ఇంకో ఏడు పన్నెండు మంది. సగటున మూడు, నాలుగు మ్యాచిలకి ఒక పూనకం! అభిమాని అన్నవాడికి అది "ప్రతిసారీ" లాగే అనిపిస్తుంది. డ్యూక్ అభిమానికీ అంతే, కెంటకీ అభిమానికీ అంతే. ఏ జట్టు అభిమానిని కదిపినా ఇదే ఏడుపు వినిపిస్తుంది.

దీనికి బావ వేయదగ్గ ఎదురు ప్రశ్న ఒకటి ఉంది. ఆయన వేయలేదు గానీ నేనే వేసుకుంటాను. ఎనిమిది అనేది నడిమి రకం జట్టుకి కదా, మనది గొప్ప డిఫెన్స్ అంటున్నప్పుడు, పైగా అంత నిదానంగా ఆడుతున్నప్పుడు, మూడో నాలుగో రావాలి గానీ ఎనిమిది ఎందుకు రావాలి? న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి జవాబు చెప్పాలంటే మూడు చేదు జ్ఞాపకాలు చాలవు, అన్ని ఏళ్ళ స్కోరు షీట్లూ కావాలి. మనకి గుర్తుండేవి మనల్ని కొట్టిన రాత్రులే. 2019 ఫైనల్లో టెక్సస్ టెక్ తరఫున ఆడిన జారెట్ కల్వర్ సంగతి ఎవరికైనా గుర్తుందా? ఆ ఏడు వాళ్ళ లీగు బిగ్ ట్వెల్వ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే, ఆ జూన్‌లో ఎన్‌బీఏ జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో ఆరో వాడిగా వెళ్ళాడు. మన డియాండ్రే హంటర్ అతన్ని నీడలా వెంటాడాడు. 22 షాట్లు వేస్తే 5 పడ్డాయి. ఇంత పెద్ద మ్యాచిలో, అంత పెద్ద ఆటగాడికి అంత చెడ్డ రోజు వస్తే, దాన్ని మాత్రం మన ఖాతాలో ఎవరూ రాయరు. ఆ మ్యాచిలోనే మన హంటర్ 27 కొట్టాడు, అతని కెరీర్ హై. ఎవరి మీద? ఆ ఏడు దేశంలోకెల్లా గట్టి డిఫెన్స్ అని పేరున్న టెక్సస్ టెక్ మీద. అంటే టెక్సస్ టెక్ ఊరు లబ్బక్‌లో కూడా ఒక బావ ఉండే ఉంటాడు.

అయినా ఫిర్యాదులో నిజం బొత్తిగా లేదని కాదు. ఉంది. అది ఎక్కడుందో తెలియాలంటే బెనెట్ జట్టు ఆడే ప్యాక్ లైన్ డిఫెన్స్ ఎలా పని చేస్తుందో దగ్గరగా చూడాలి.

ఇది టోనీ బెనెట్ సొంత సొత్తు కాదు, వాళ్ళ నాన్న డిక్ బెనెట్ తయారు చేసింది. బుట్టకి సుమారు 16 అడుగుల దూరంలో ఒక గీత ఉందనుకోండి. కోర్టు మీద కనపడదు, ఆటగాళ్ళ బుర్రల్లో ఉంటుంది. బంతి ఉన్నవాడి మీద ఒక్కడు పైపైకి వెళ్ళి ఒత్తిడి పెడతాడు. మిగతా నలుగురూ తమ మనిషిని వదిలి ఆ గీత లోపలికి సర్దుకుంటారు. లోపలికి దూసుకొచ్చే దారులన్నీ మూసేస్తారు. బంతి బయటికి వెళ్ళిందా, గాల్లో ఉండగానే ఒకడు చేతులెత్తుకుని షూటర్ మీదకి పరుగు తీస్తాడు. తెర పెట్టి తప్పించుకుందామంటే పొడుగాటి ఆటగాడు అడ్డంగా బయటికి వచ్చి బంతి ఉన్నవాణ్ణి వెనక్కి నెట్టి మళ్ళీ తన చోటికి పరుగెత్తుతాడు. అయిదుగురూ ఒక తాడు కట్టినట్టు కదలాలి. మొదటి ఏడాది కుర్రాళ్ళకి ఇది ఒక పట్టాన ఒంటబట్టదు.

ఆ గీత 16 అడుగుల దగ్గర. అప్పట్లో త్రీ పాయింట్ గీత 20 అడుగుల 9 అంగుళాల దగ్గర ఉండేది, 2019-20 నుంచి 22 అడుగులు దాటి జరిపారు. ఈ రెండు గీతల మధ్య ఉన్న అయిదారు అడుగుల ఖాళీయే మొత్తం కథ. బుట్ట కింద సులువైన షాటు నీకు ఇవ్వను, కావాలంటే దూరం నుంచి చెయ్యి మొహం మీద ఉండగా వేసుకో, అన్నదే బెనెట్ బేరం. క్రికెట్‌లో స్పిన్నర్‌కి కెప్టెన్ లాంగాన్ ఖాళీగా వదిలి, కొట్టు చూద్దాం అని ఊరించినట్టు. నూటికి తొంభై రోజులు ఆ బేరంలో లాభం మనదే. మిగతా పది రోజులూ బంతి వెళ్ళి స్టాండ్స్‌లో పడుతుంది.

డ్యూక్ కథ చూడండి. 2019 జనవరి 19న తమ ఊరు డర్హమ్‌లో వాళ్ళు మన మీద 14 త్రీలు వేశారు, పడినవి 2. మూడు వారాలకి, ఫిబ్రవరి 9న, షార్లట్స్‌విల్‌లో 21 వేసి 13 కొట్టారు. అదే డ్యూక్, అదే వర్జీనియా, అదే ప్యాక్ లైన్. ఆ ఏడు డ్యూక్ త్రీలు వేయడంలో నాసిరకం జట్టు కూడాను. ఈ మూడు వారాల్లో మన డిఫెన్స్ పాడైపోయిందా? వాళ్ళకి దేవుడు కనపడ్డాడా? తమాషా ఏమిటంటే 2 పడిన రోజూ వాళ్ళే గెలిచారు, 72-70తో. జయాన్ విలియమ్సన్, బారెట్ కలిసి లోపలికి దూసుకొచ్చి పడగొట్టారు. కాబట్టి డిఫెన్స్‌ని తిట్టాలంటే నిజానికి జనవరి మ్యాచికి తిట్టాలి, అక్కడ బేరం చెడింది. మనం తిట్టేది మాత్రం ఫిబ్రవరి మ్యాచికి.

కాలేజీ బాస్కెట్‌బాల్ లెక్కలకి పేరుపడ్డ కెన్ పొమెరాయ్ ఎప్పటినుంచో చెప్పే మాట ఇదే. అవతలి జట్టు ఎన్ని త్రీలు వేయాలన్నది డిఫెన్స్ చేతిలో చాలావరకు ఉంటుంది. వేసినవాటిలో ఎన్ని పడాలన్నది మాత్రం పెద్దగా ఉండదు. సీజన్ మొదటి సగంలో ప్రత్యర్థుల త్రీలు తక్కువ పడ్డాయని రెండో సగంలోనూ తక్కువే పడతాయని నమ్మలేం. ఇది కోచ్‌లకి మింగుడుపడని మాట. నాకూ మొదట మింగుడుపడలేదు, చెయ్యి మొహం మీద పెడితే తేడా ఉండదా అని. ఉంటుంది. కానీ ఆ తేడా అంతా షాటు వేయకుండా ఆపడంలో కలిసిపోతుంది. వేసేశాక మిగిలేది చాలావరకు గాలివాటమే.

కాబట్టి నా వాదన ఇది: ప్యాక్ లైన్ అవతలివాళ్ళ సగటుని గట్టిగా కిందికి లాగుతుంది, కానీ రోజుకీ రోజుకీ మధ్య ఊగిసలాటని పెంచుతుంది. దానికి బెనెట్ నిదానం తోడైతే ఇంకా ప్రమాదం. 60 పొసెషన్ల మ్యాచిలో పది నిమిషాల గాలివాటాన్ని సరిచేసుకునే వ్యవధి ఉండదు. లొయోలా మేరీమౌంట్ అయితే 15 పాయింట్లు వెనకబడినా కంగారు పడదు, ఇంకా బోలెడు ఆట ఉంది. వర్జీనియా 15 వెనకబడితే కొండ ఎక్కాలి.

2018 మార్చి 16 రాత్రి నార్త్ కరోలినాలోని షార్లట్‌లో, టోర్నమెంటు మొదటి రౌండులో జరిగింది సరిగ్గా ఇదే. యూఎంబీసీ అంటే మన ఎమ్మెస్ పిల్లలకి బాగా తెలిసిన కాలేజీ, బాల్టిమోర్ పక్కన. బాస్కెట్‌బాల్ కోసమని ఎవరూ వెళ్ళరు. టోర్నమెంటులో జట్లకి ఇచ్చే ర్యాంకు సీడ్; మనది మొదటి సీడ్, వాళ్ళది అట్టడుగున పదహారో సీడ్. అప్పటిదాకా మగవాళ్ళ టోర్నమెంటులో పదహారో సీడ్ జట్లు మొదటి సీడ్ మీద 135 సార్లు ఆడి 135 సార్లూ ఓడాయి. హంటర్‌కి మణికట్టు విరిగి ఆ రోజు బెంచీ మీద ఉన్నాడు. సగం ఆటకి 21-21. అప్పటిదాకా మ్యాచి మొత్తానికి సగటున 53 పాయింట్లు ఇస్తూ వచ్చిన వర్జీనియా, రెండో సగంలోనే 53 ఇచ్చింది. 74-54. యూఎంబీసీ 24 త్రీలు వేసి 12 కొట్టింది.

ఆ మ్యాచిని డిఫెన్స్ ఖాతాలో రాయడం నాకు ఇష్టం లేదు. మనం 22 త్రీలు వేసి 4 కొట్టాం. ఆ సంగతి బావ ఎప్పుడూ ఎత్తడు. స్కోరు చేయలేక వెనకబడ్డ జట్టు గీత లోపల ఓపికగా నిలబడలేదు, బంతి కోసం ముందుకి ఎగబడాలి. ఎగబడితే వెనక తలుపులు తెరుచుకుంటాయి. లైల్స్ తన 28లో 23 రెండో సగంలోనే కొట్టాడు, అందులో కొన్ని అలా తెరుచుకున్న తలుపుల్లోంచి నడిచి వెళ్ళి కొట్టినవే. ఆ డిఫెన్స్ ఓడిపోయింది నిజమే, అయితే దాన్ని అక్కడికి నెట్టింది మన అఫెన్స్.

ఇక ఎడ్వర్డ్స్. నన్నడిగితే బావ సాక్ష్యాల్లో అన్నిటికన్నా బలహీనమైనది ఇదే, చూడటానికి మాత్రం అన్నిటికన్నా భయంకరమైనది. 2019 మార్చి 30, లూయీవిల్. పర్డ్యూ కుర్రవాడు కార్సన్ ఎడ్వర్డ్స్, మనిషి ఆరడుగులు ఉంటాడంతే. 19 త్రీలు వేసి 10 కొట్టాడు. కొన్ని గీతకి బారెడు వెనక నుంచి. ఒకటైతే ఆఖరి రెండు నిమిషాల్లో బోర్డుకి తగిలి లోపల పడి పర్డ్యూకి 69-67 ఆధిక్యం ఇచ్చింది. అది పడినప్పుడు మా ఇంట్లో టీవీ రిమోట్ బ్యాటరీలు సోఫా కిందకి పోయాయి. ఎలా పోయాయో ఇక్కడ రాయను.

కానీ ఆ కుర్రవాడు అంతకు వారం ముందు విలనోవా మీద కూడా 42 కొట్టాడు. మళ్ళీ చెబుతున్నా, 42, అదే అంకె. నాలుగు మ్యాచిల్లో 28 త్రీలు కొట్టి, 1989లో గ్లెన్ రైస్ ఆరు మ్యాచిల్లో నెలకొల్పిన 27 రికార్డుని దాటాడు. పూనకం వర్జీనియా వల్ల రాలేదు, లూయీవిల్‌కి వచ్చేటప్పటికే వచ్చేసి ఉంది. మన మీద పడిందంతే.

పైగా స్కోరు షీటులో ఇంకో పక్క చూడండి. ఓవర్‌టైమ్ కలుపుకుని పర్డ్యూ కొట్టింది 75. ఎడ్వర్డ్స్‌వి తీసేస్తే మిగిలిన జట్టంతా కలిసి 33. ఇక్కడే కోచ్ నిర్ణయం కనపడుతుంది. అతని మీదకి ఇద్దర్ని పంపి ఉంటే బంతి వదిలేసేవాడు, అప్పుడు నలుగురి మీద ముగ్గురు మిగిలేవారు, మిగతా వాళ్ళకి బుట్ట కింద సులువైన షాట్లు దొరికేవి. "ఇద్దర్ని వెయ్యకుండా ఏం చేస్తున్నాడు ఆ మహానుభావుడు!" అని ఆ రాత్రి బావ ఫోన్లో అరిచిన అరుపు ఇంకా చెవిలోనే ఉంది. బెనెట్ పెద్దగా చలించలేదు. ఎక్కువసేపు చిన్న కుర్రాడు కిహై క్లార్క్‌ని అంటిపెట్టి, కష్టమైన షాట్లే వేసుకోమన్నాడు. ఆఖర్న అదే క్లార్క్, తప్పిపోయిన ఫ్రీ త్రో వెనక్కి దొర్లితే వెంటపడి పట్టుకుని, సగం కోర్టు అవతల నుంచి మమాది డియాకిటేకి విసిరాడు. అతను బెల్లు మోగేలోపు వేసి 70-70 చేశాడు. ఓవర్‌టైమ్‌లో 80-75. తొమ్మిది రోజుల తర్వాత కప్పు మనది. అదే డిఫెన్స్, అంతకు ముందు ఏడాది యూఎంబీసీ చేతిలో చిత్తయిన డిఫెన్స్.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎక్కువ గెలిచే జట్టు ఎక్కువమంది గొప్ప స్కోరర్లని ఎదుర్కోవాల్సి వస్తుంది. మార్చి ఆఖరి వారంలో ఇంకా మిగిలి ఉన్నవాడు ఎవడైనా ఒంటి మీద నిప్పు పెట్టుకుని వచ్చినవాడే. జనవరిలోనే పని అయిపోయిన జట్ల అభిమానులకి ఎడ్వర్డ్స్ లాంటివాళ్ళు తగలనే తగలరు. మన జాబితాలో పెద్ద పేర్లు ఉండటం మన డిఫెన్స్ చేతగానితనం కంటే మనం అంతదూరం వెళ్ళామనడానికే ఎక్కువ గుర్తు.

మరి నన్ను ఒప్పించాలంటే బావ ఏం తేవాలి? మన మీద ఆడిన ప్రతి ఆటగాడి పాయింట్లని అతని షాట్లతో, మ్యాచిలో వచ్చిన పొసెషన్లతో భాగించి, అదే ఆటగాడు మిగతా జట్ల మీద చేసిన దానితో పోల్చాలి. సగటు ఒక్కటే చాలదు, ఊగిసలాట కూడా చూడాలి. సగటు తక్కువగా ఉండి ఊగిసలాట మాత్రం మిగతా జట్ల కంటే బాగా ఎక్కువని తేలితే నా అనుమానం నిజమైనట్టు, ఆయన ఫిర్యాదులో సగం నిలిచినట్టు. సగటే ఎక్కువని తేలితే మొత్తం గెలిచినట్టు. అలా తేలదని నా నమ్మకం. తేలితే రిచ్‌మండ్ వెళ్ళి ఆయనకి బిర్యానీ పెట్టించడానికి సిద్ధం.

ఈలోపు ఆటే మారిపోతోంది. బెనెట్ 2024 అక్టోబరులో, సీజన్ రేపో మాపో అనగా, చెప్పాపెట్టకుండా తప్పుకున్నాడు. 2025 మార్చిలో ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరో తెలుసు కదా, రయన్ ఓడమ్. 2018లో ఆ యూఎంబీసీ జట్టుకి కోచ్ ఇతనే! మనల్ని కొట్టినవాణ్ణే తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాం. వాళ్ళ నాన్న డేవ్ ఓడమ్ ఒకప్పుడు ఇక్కడే అసిస్టెంట్ కోచ్ కాబట్టి ఇతనికి షార్లట్స్‌విల్ కొత్తేమీ కాదు. బెనెట్ కాలం నాటి ఆ నత్తనడక ఇతని దగ్గర ఉండదు. పొసెషన్లు పెరుగుతాయి, మన స్కోర్లూ పెరుగుతాయి, అవతలివాళ్ళవీ పెరుగుతాయి. బావకి కెరీర్ హైలు మునుపటికంటే ఎక్కువే దొరుకుతాయి. ఈసారి పాయింట్ల పక్కన ఎన్ని షాట్లు వేస్తే వచ్చాయో కూడా రాసి పెట్టుకోమన్నాను. చూద్దాం అన్నాడు.